టూర్‌కి రానంటున్నాడు మా బాబు, "ఖర్చు కదా" అంటున్నాడు. డబ్బు సంగతి పిల్లలకి ఎంతవరకు చెప్పాలి?

ఇద్దరు పిల్లల అమ్మ:

నమస్కారమండీ. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. పోయిన వారం రాత్రి పిల్లలు నిద్రపోయారనుకుని నేను, మావారు నెల ఖర్చుల మీద కాస్త గట్టిగానే మాట్లాడుకున్నాం. "వీళ్లిద్దరికే సగం జీతం పోతోంది" అన్న మాట ఎవరి నోట వచ్చిందో గుర్తు లేదు, ఇద్దరం అనే ఉంటాం. పొద్దున్నే బాబు స్కూలు టూర్ కాగితం తెచ్చి, సంతకం అక్కర్లేదమ్మా, నేను వెళ్లను, ఖర్చు కదా అన్నాడు. నెల రోజులుగా వాడి నోట ఆ టూర్ తప్ప వేరే మాట లేదు. కాసేపాగి "నన్ను పెంచడానికి ఇప్పటిదాకా ఎంత అయింది?" అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

మావారేమో నిజంగానే లెక్కగట్టి చూపిద్దాం, డబ్బు విలువ తెలుస్తుంది అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను. అసలు ఒక పిల్లాడి మీద అయ్యే ఖర్చు ఎలా లెక్కేస్తారు? ఈ వయసు వాడికి ఇంటి ఆదాయం, అప్పుల గురించి ఎంతవరకు చెప్పొచ్చు? పాకెట్ మనీ ఇవ్వమని కొందరు, పని చేయించుకుని ఇవ్వమని కొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్, వాడి మొహం చూస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైరైన అకౌంటెంట్:

అమ్మా, ఆ లెక్క మీ ఇద్దరి కోసం తప్పకుండా వేసుకోండి, వాడికి మాత్రం చూపించొద్దు. ముప్పై ఏళ్లకు పైగా ఖాతాలు రాసినవాణ్ణి, లెక్కంటే నాకు ఇష్టమే. కానీ బిల్లు ఎవరి చేతిలో పెడితే వాళ్లు బాకీదారులవుతారు. తొమ్మిదేళ్ల వాడు తీర్చగలిగే బాకీ కాదది, వాడు అడిగి చేసిందీ కాదు. మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

ఇక లెక్క. ఫీజు, బట్టలు, మందులు, పుస్తకాలు వాడి పేరన రాయొచ్చు, అక్కడ చిక్కు లేదు. ఇంటి అద్దె, కరెంటు దగ్గరే అందరూ తప్పు చేస్తారు, మొత్తాన్ని నలుగురికి సమానంగా పంచేస్తారు. వాడు లేకపోయినా మీరు అద్దె కట్టేవారే కదా. పిల్లల కోసం ఒక గది ఎక్కువున్న ఇల్లు తీసుకుని ఉంటే ఆ తేడా మాత్రమే పిల్లల వల్ల వచ్చిన ఖర్చు. కుటుంబాల జీవన స్థాయిని పోల్చడానికి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) సవరించిన కొలమానం అని ఒకటి వాడుతుంటారు. అందులో ఇంట్లో మొదటి పెద్దని 1గా లెక్కేస్తారు, తర్వాత 14 ఏళ్లు నిండిన ఒక్కొక్కరిని 0.5గా, అంతకన్నా చిన్న పిల్లల్ని ఒక్కొక్కరిని 0.3గా. మీ నలుగురికి కలిపితే 2.1, మీరిద్దరే ఉన్నప్పుడు 1.5. అంటే అప్పటి స్థాయిలోనే బతకడానికి 40 శాతం ఎక్కువ ఆదాయం కావాలి, రెట్టింపు అక్కర్లేదు. ఇది పోలికల కోసం పెట్టుకున్న అంచనాయే, మీ ఇంట్లో అచ్చంగా ఇంతే అవుతుందని కాదు. అయినా ఒక విషయం గమనించండి, 14 దాటాక 0.3 కాస్తా 0.5 అవుతోంది. బరువైన ఏళ్లు ముందున్నాయి, వెనకేసుకోవడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఎవరూ రాయని పద్దు ఇంకొకటి ఉంది, అదే తరచుగా అన్నిటికన్నా పెద్దది. పిల్లలు పుట్టాక మీరు ఉద్యోగం మానేసి ఉన్నా, తక్కువ గంటలకు మారి ఉన్నా, ప్రమోషన్ వదులుకున్నా ఆ పోయిన సంపాదన కూడా ఖర్చే. డెన్మార్క్‌లో 1980 నుంచి 2013 దాకా ఉన్న రికార్డులతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి బిడ్డ తర్వాత తల్లుల సంపాదన తండ్రులతో పోలిస్తే దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడింది, తండ్రుల సంపాదన మాత్రం ఉన్నచోటే ఉంది. పిల్లల సంరక్షణకి ప్రభుత్వం గట్టిగా ఖర్చుపెట్టే దేశంలోనే పరిస్థితి అది. మీ ఇద్దరి మధ్య రావాల్సిన మాట ఇది. ఈ భారం ఎవరి మీద ఎంత పడుతోందో మీ ఆయనతో కూర్చుని రాసుకోండి, పిల్లలు లేని టైమ్‌లో.

ప్రైమరీ టీచర్:

మేడమ్, వాడు అడిగింది అంకె కాదు. నేను మీకు భారమా అని అడుగుతున్నాడు. దానికి ముందు జవాబు చెప్పండి, "నిన్ను మేం కావాలనుకుని కన్నాం, నీకు పెట్టే ఖర్చు మేం తీసుకున్న నిర్ణయం, నువ్వు తిరిగి ఇవ్వాల్సిందేమీ లేదు" అని ఇంత సూటిగా. రాత్రి మాటలు విన్నావు కదా అని మీరే కదపండి, వినలేదనుకున్నట్టు నటించొద్దు.

తర్వాత, "డబ్బుల్లేవు" అనే మాట వీలైనంత తగ్గించండి. నిజంగా లేనప్పుడు అనండి, తప్పు లేదు. కానీ పొద్దున బొమ్మకి లేవని చెప్పి సాయంత్రం కొత్త ఫోన్ తెస్తే పిల్లలు రెండూ కలిపి చూస్తారు. "ఈ నెల దానికి పెట్టలేదు, దీనికి పెట్టాం" అంటే ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి వదులుకోవాలని అర్థమవుతుంది, ఆర్థికశాస్త్రంలో సగం అదే. తొమ్మిదేళ్ల వాడికి జీతం అంకె, అప్పు అంకె అక్కర్లేదు, బయట చెప్పేస్తాడు కూడా. వచ్చినదాన్ని పది భాగాలనుకుని ఏ భాగం ఎటు పోతుందో చూపిస్తే చాలు. అప్పు ఉంటే ఒక భాగం దానికి పోతోందని, ఏ ఏడాదికి తీరిపోతుందో చెప్పండి. ఎప్పటికి తీరుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. పాపకి ఇవేవీ వద్దు, ఆ వయసులో చాలామందికి ఒక పెద్ద నాణెం కన్నా ఐదు చిన్న నాణేలే ఎక్కువ అనిపిస్తాయి. చిల్లర మార్చి చూపించే ఆట ఆడించండి.

ముగ్గురి నాన్న:

పాకెట్ మనీ విషయంలో నేను చేసిన పొరపాటు చెప్తానండి, మీకు పనికొస్తుంది. పక్క సర్దితే ఇంత, గిన్నెలు తుడిస్తే ఇంత అని ధరల పట్టిక రాసి గోడకి అంటించాను. రెండు వారాలు ఇల్లు అద్దంలా ఉంది. మూడో వారం వాళ్లమ్మకి జ్వరం వచ్చి మంచినీళ్లు తెమ్మంటే మా రెండోవాడు "దీనికి ఎంత?" అన్నాడు. వాడి తప్పు కాదు, నేర్పింది నేనే. ఆ రోజే పట్టిక చింపేశాను, కానీ ఆ అలవాటు పోవడానికి నెలలు పట్టింది.

తర్వాత దీని గురించి చదివితే ఇది నా ఒక్కడి అనుభవం కాదని తెలిసింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో, సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి కొన్ని డేకేర్ సెంటర్లలో జరిమానా పెట్టి చూశారు, ఆ అధ్యయనం 2000లో వచ్చింది. ఆలస్యాలు తగ్గాల్సింది పోయి దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచర్‌ని ఇబ్బంది పెడుతున్నామన్న మొహమాటం ఉండేది, జరిమానా పెట్టాక డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆ పాత మొహమాటం తిరిగి రాలేదు. అమెరికాలో 1973లో వచ్చిన ఇంకో ప్రయోగంలో, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత బహుమతి మాట లేని రోజుల్లో వాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువ గీశారు.

కాబట్టి ఇంటి పని ఇంట్లో ఉన్నందుకు అందరూ చేసేది, దానికి డబ్బు వద్దు. పాకెట్ మనీ వేరు, అది డబ్బు వాడడం నేర్చుకోవడానికి ఇచ్చే సాధనం. ఆ రెండిటినీ కలపకండి. కారు కడగడం, పాత పుస్తకాలు ఏరి అమ్మిపెట్టడం లాంటివి, బయటివాళ్లకైతే మీరు నిజంగా డబ్బిచ్చి చేయించుకునే పనులు, అప్పుడప్పుడు ఇవ్వొచ్చు. మార్కులకి మాత్రం అస్సలు ఇవ్వకండి.

ఇద్దరు పిల్లల అమ్మ:

అందరికీ చాలా థాంక్సండీ. నిన్న రాత్రి బాబుని పక్కన కూర్చోబెట్టుకుని టీచర్ గారు చెప్పినట్టే చెప్పాను, ఏమీ అనలేదు, కానీ నా చేయి వదల్లేదు. ఇంకో రెండు అడుగుతాను. పాకెట్ మనీ ఇస్తే మొదటిరోజే ఖర్చు చేసేస్తాడు, అప్పుడేం చేయాలి? రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. బంధువులు ఇచ్చిన డబ్బులు వాడు డిబ్బీలో దాచుకుంటే రెండుసార్లు అవసరానికి తీసుకున్నాం, తిరిగి వేద్దామనుకుంటూనే వేయలేదు. ఇప్పుడు దాచుకో అంటే "మళ్లీ మీరే తీసుకుంటారుగా" అంటున్నాడు.

ప్రైమరీ టీచర్:

రెండోదే ముందు చేయండి, ఇవాళే. తీసుకున్నది పూర్తిగా లెక్కగట్టి, కాస్త వడ్డీ కలిపి, వాడి చేతికివ్వండి, అడక్కుండా తీసుకున్నందుకు సారీ చెప్పండి. దాచుకోవడం అనేది పిల్లాడి బుద్ధి ఒక్కదాని మీదే ఉండదు మేడమ్. మిఠాయి ముందు పెట్టి, ఇప్పుడు తినకుండా ఆగితే రెండిస్తామనే ప్రయోగం మీరు వినే ఉంటారు. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో దాన్ని కొంచెం మార్చి ప్రచురించారు. మిఠాయికి ముందు పిల్లలకి మంచి రంగులు తెస్తామని మాటిచ్చారు, కొందరికి తెచ్చారు, కొందరికి లేవని చెప్పారు. మాట నిలబెట్టుకున్న మనిషి ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి ముందు 3 నిమిషాలు. మూడు నిమిషాలకే తినేసినవాళ్లది తెలివైన పనే, రాని దాని కోసం ఎవరు ఆగుతారు? మీవాడు ఖర్చు చేసేయడం కూడా చాలావరకు అలాంటిదే అయి ఉండొచ్చు.

రిటైరైన అకౌంటెంట్:

ఇచ్చే రోజు ఒకటి పెట్టుకోండమ్మా, ఆ రోజు తప్పకూడదు, జీతం లాగే. కొంచెమే ఇవ్వండి, కానీ ఆ కొంచెంలో వాడు ఏమేం కొనుక్కోవాలో ముందే మాట్లాడుకోండి, పెన్సిళ్లు మీరు కొంటారా వాడా అన్నది తేలకపోతే రోజూ గొడవే. మొదటిరోజే అయిపోతే వారం మధ్యలో మళ్లీ ఇవ్వొద్దు, దెప్పొద్దు కూడా. ఈ వయసులో తప్పు ఖర్చు చాలా చవక, ఇరవై ఏళ్ల తర్వాత అప్పుపత్రంతో నేర్చుకునేకన్నా ఇప్పుడు ఒక బొమ్మతో నేర్చుకోవడం నయం.

వడ్డీ అర్థం కావాలంటే మీరే బ్యాంకు అవ్వండి. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి సుమారు ఎన్నేళ్లు పడుతుందో వస్తుంది, 6 శాతమైతే 12 ఏళ్లు. తొమ్మిదేళ్ల వాడికి పన్నెండేళ్లంటే ఊహకి కూడా అందదు. అందుకని మీ ఇంటి బ్యాంకులో వారానికి నూటికి పది ఇవ్వండి. వంద ఉంటే వచ్చే వారం 110, ఆపై వారం 121, ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందని వాడే అడుగుతాడు, చక్రవడ్డీ అక్కడే వచ్చేస్తుంది. ఎనిమిదో వారానికి రెట్టింపు దాటిపోతుంది కాబట్టి వడ్డీ ఎంత మొత్తం వరకు ఇస్తారో మొదట్లోనే రాసి గోడకి పెట్టండి. మధ్యలో నిబంధన మారిస్తే డిబ్బీ కథే మళ్లీ.

ఇద్దరు పిల్లల అమ్మ (వారం తర్వాత):

డిబ్బీ డబ్బు వడ్డీతో సహా ఇచ్చేశాం. మావారు స్వయంగా ఇచ్చి సారీ చెప్పారు. ఆదివారం పది బటన్లు టేబుల్ మీద పెట్టి ఏది ఎటు పోతుందో చూపించాం. ఒక బటన్ పక్కన పెట్టి ఉంటే అదేంటి అన్నాడు. అది ముందుగా దాచేది, నీ టూర్ డబ్బు రెండు నెలల కిందటే అందులో ఉంది అని మావారు చెప్పారు. మేం ఆ రాత్రి పోట్లాడుకున్నది టూర్ గురించి కాదని వాడికి అప్పుడు తెలిసింది. వెళ్లి కాగితం తెచ్చుకున్నాడు.

ఒక్కటి మాత్రం మిగిలింది. షాపుకి వెళితే ఇప్పటికీ ప్రతిదానికీ ధర చూసి "వద్దులే అమ్మా" అంటున్నాడు. చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతుడో అంటున్నారు, నాకు బాధేస్తోంది.

ప్రైమరీ టీచర్:

మెచ్చుకోకండి, మెచ్చుకుంటే అది వాడి పాత్ర అయిపోతుంది. "ఇది మా లిస్టులో ఉంది, దీని సంగతి మేం చూసుకుంటాం, నువ్వు చూడాల్సింది నీ డబ్బుతో కొనే దాని ధరే" అని ప్రతిసారీ ఇదే మాట చెప్పండి. కొన్ని వారాలు పడుతుంది. స్కూల్లో భోజనం, పుస్తకాలు, స్నేహితులతో ఆట లాంటివి కూడా వద్దంటుంటే క్లాస్ టీచర్‌కి విషయం చెప్పి ఉంచండి, మాకు తెలిస్తే మేమూ కనిపెట్టుకుని ఉంటాం.