టీఏకి ఓటు వేయాలంట, ఏం చేసేది? (తిరుపతి నుంచి న్యూజెర్సీకి కొత్త)

అక్కలకు, అన్నలకు నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. రుయాలో, ఆ తర్వాత స్విమ్స్ ఐసీయూలో నర్సుగా చేసి ఈ మధ్యే గ్రీన్‌కార్డు మీద వచ్చినా. మా ఆసుపత్రిలో యూనియన్‌కి, మేనేజ్‌మెంటుకి టెంటేటివ్ అగ్రిమెంట్ (టీఏ, అంటే మెంబర్లు ఓటేసి ఒప్పుకోవాల్సిన తాత్కాలిక ఒప్పందం) కుదిరిందంట. గురువారం ఓటు. మూడేళ్లకి జీతం 4, 3, 3 శాతం పెంచుతారంట, ఒప్పుకుంటే బోనస్ కూడా. నో అని వేస్తే మరుసటి రోజే స్ట్రైకా? స్ట్రైక్ చేస్తే గ్రీన్‌కార్డుకి ఏమన్నా అవుతుందా?

పీలేరు అన్న, డాలస్:
సిటిజన్ కాకుండా ఈడ ఓటేస్తే నేరం మా. ఆ జోలికే పోవద్దు. డ్యూటీ చేసుకో, ఇంటికి పో.

చంద్రగిరి అక్క, న్యూయార్క్:
అన్నా, నువ్వు చెప్పేది ప్రెసిడెంటు ఎలక్షన్ సంగతి. యూనియన్ ఓటుకి సిటిజన్‌షిప్‌తో పనే లేదు. పాపా, మెంబర్‌షిప్ కార్డు మీద సంతకం పెట్టినావా? జీతంలో ఫీజు కోసినంత మాత్రాన మెంబర్ అయిపోవు, ఓటు మెంబర్లకే. పేస్టబ్ (జీతం చీటీ) మీద జీతమిచ్చేది ఎవరని ఉందో కూడా చూడు. నర్సుల్ని పనికి పంపే ఏజెన్సీ పేరుంటే ఈ కాంట్రాక్ట్ నీకు వర్తించకపోవచ్చు.

నో గెలిస్తే మళ్లీ బేరానికి కూచుంటారు, అంతే. స్ట్రైక్‌కి వేరే ఓటు పెడతారు. ఆసుపత్రి కాబట్టి యూనియన్ 10 రోజులు ముందే రాసిచ్చి తీరాలి, 1974 నుంచి చట్టం అది. చట్టప్రకారం జరిగే స్ట్రైక్‌లో నిలబడినందుకు గ్రీన్‌కార్డు పోదు. 2023 జనవరిలో మా న్యూయార్క్‌లో మౌంట్ సైనాయ్, మాంటెఫియోరే నర్సులు సుమారు 7,000 మంది మూడు రోజులు చలిలో నిలబడినారు. అప్పుడు ముఖ్యమైన గొడవ స్టాఫింగ్ మీదే, అంటే వార్డులో చాలినంత మంది నర్సులు ఉండాలని.

శాతం చూసి మురిసిపోవద్దు. వెనక పేజీల్లో జీతాల పట్టీ ఉంటుంది, స్టెప్పులు, అంటే సర్వీసు ఏళ్లని బట్టి మెట్లు. ఇండియా సర్వీసు లెక్కేస్తారా లేదా అనేది ఆడ రాసుంటుంది. లెక్కేయకపోతే నిన్న పాసైన పిల్లా, వెంటిలేటర్లు చూసిన నువ్వూ ఒకే మెట్టు. నాలుగు శాతం ఆ మెట్టు మీదే వేస్తారు.

పలమనేరు అమ్మాయి, శాక్రమెంటో:
అదంతా సరే అక్కా, హెచ్‌ఆర్ సంగతి ఎవురూ చెప్పరేం? నేను కొత్తల్లో ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు షిఫ్టు అయిపోయే టైంకి 'ఐదు నిమిషాలు రామ్మా' అని పిలిచినారు. లోపల మేనేజరు, హెచ్‌ఆర్ ఆమె, బల్ల మీద మార్ఫిన్ రిజిస్టర్ ప్రింటు. పారబోసిన మందుకి రెండో సాక్షి సంతకం లేదంట. నవ్వుతానే అడగతా ఉండారు, ఆమె మాత్రం ప్రతి మాటా టైప్ చేస్తా ఉంది. యూనియన్ రెప్ (ప్రతినిధి) వచ్చేదాకా మాట్లాడనంటే 'ఊరికే కబుర్లే' అన్నారు. నేను నోరు తెరవలేదు. రెప్ వచ్చి ఆ రోజు షెడ్యూల్ తీయించింది. సాక్షిగా ఉండాల్సిన నర్సుని వాళ్లే వేరే వార్డుకి పంపించినారు! కాగితం మూసేసినారు. ఇట్లాంటి విచారణలో రెప్‌ని పక్కన పెట్టుకోవడం 1975లో ఈడి సుప్రీంకోర్టు ఇచ్చిన హక్కు, వైన్‌గార్టెన్ అంటారు. మనం నోరు తెరిచి అడగాల, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పీలేరు అన్న, డాలస్:
అందుకే మా టెక్సాస్ మేలు. రైట్ టు వర్క్, యూనియన్‌కి పైసా కట్టమని ఎవుడూ బలవంతం చేయడు.

పలమనేరు అమ్మాయి:
ఒక్క నర్సుకి ఎంతమంది పేషెంట్లన్నా ఆడ? మా కాలిఫోర్నియాలో ఐసీయూలో ఇద్దరు, మెడ్-సర్జ్ (మామూలు వార్డు)లో ఐదుగురు, అంతకు మించకూడదు. 2004 నుంచి అమల్లో ఉండే చట్టం, నర్సుల యూనియన్ కొట్లాడి తెచ్చింది.

పీలేరు అన్న:
మనూర్లో సమ్మె అంటే ఏమైందో చూడలేదా? 2024లో అంగన్‌వాడీ వాళ్ల మీద ఎస్మా (సమ్మెని నిషేధించే చట్టం) పెట్టినారు.

చంద్రగిరి అక్క:
అది ఆడ, ఇది ఈడ! పాప అడిగిందేంది, మీరు కొట్టుకునేదేంది?

కొత్త అమ్మాయి:
చూసినానక్కా. పేస్టబ్ మీద ఆసుపత్రి పేరే ఉంది, కార్డు మీద ఈ రోజే సంతకం పెట్టినా. విదేశీ సర్వీసు సగం లెక్కేస్తారంట, కానీ రుజువు చూపించాలంట. నాకు ఇప్పటిదాకా సున్నా వేసినారు.

చంద్రగిరి అక్క:
అయితే యెస్సా నోనా అని తేల్చుకునే ముందు రెప్‌ని ఒకటే అడుగు: ఇప్పటికే చేరినోళ్లకి ఆ సగం వర్తిస్తుందా, ఇకమీదట వచ్చేవాళ్లకేనా అని. జవాబు రాసిమ్మను. రుయా, స్విమ్స్ సర్వీసు సర్టిఫికెట్లకి మీ నాయన్ని రేపే పంపించు. ఏ వార్డు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఫుల్‌టైమా కాదా, మూడూ ఉండాల. ఉత్త 'పనిచేసింది' అని రాసిస్తే ఈడ తీసుకోరు.