కేశనాళిక అంటే జుట్టుకు రక్తం పంపే నాళమా? పేరు మార్చాలా, ఉంచాలా?

అమలాపురం సైన్స్ టీచర్:
హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పరీక్షలో ‘రక్తకేశనాళికలు అంటే ఏమిటి’ అని అడిగిన ప్రతిసారీ కొందరు పిల్లలు ‘తల వెంట్రుకలకు రక్తాన్ని తీసుకెళ్ళే నాళాలు’ అని రాస్తున్నారు. వాళ్ళని ఏమనగలం? కేశం అంటే జుట్టు, నాళిక అంటే సన్నని గొట్టం, రెండూ కలిపితే ఆ అర్థమే వస్తుంది మరి. ధమనుల చివర్లకూ సిరల మొదళ్ళకూ మధ్య ఉండి, కణాలకు ఆక్సిజన్ అందించే నాళాలకు జుట్టుతో పనేంటి? ‘సూక్ష్మ రక్తనాళాలు’ అందాం, లేదంటే ఇంగ్లీషు క్యాపిలరీనే వాడేద్దాం. మీరేమంటారండీ?

రాజోలు రిటైర్డ్ మాస్టారు:
క్యాపిలరీ అంటే ఆ తికమక పోతుందని ఎలా అనుకున్నారమ్మా? అందులో ఉన్నదీ జుట్టే. లాటిన్‌లో కాపిల్లుస్ అంటే వెంట్రుక, కాపిల్లారిస్ అంటే వెంట్రుకకు సంబంధించినది, వెంట్రుక లాంటిది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో ఈ మాట వాడుకలోకి వచ్చింది. అక్కడా దాని అర్థం వెంట్రుకలా సన్ననిది అనే గానీ, వెంట్రుకను పోషించేది అని కాదు. ఇంగ్లీషు పిల్లలకు ఆ జుట్టు కనబడదు, మన పిల్లలకు కనబడుతుంది, తేడా అంతే.

ఇంకో సంగతి చెప్పాలి. లాటిన్‌లో కాపిల్లుస్ ముఖ్యంగా తల జుట్టు, ఒంటి మీది వెంట్రుకకు పిలుస్ అని వేరే మాట ఉంది. మనకూ తలకు కేశం, ఒంటికి రోమం. తెలుగులో రోమనాళిక అనకుండా కేశనాళిక అన్నారంటే, మూలంలోని మాటకు సరిగ్గా సరిపోయే మాట పడింది. ఇంత చక్కటి పదాన్ని పిల్లలు పరీక్షలో తప్పు రాశారని తీసి పారేస్తామా? కాపిల్లుస్‌కు తల అనే అర్థమున్న కాపుట్‌తో చుట్టరికం ఉందని కొందరంటారు గానీ, దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి దాన్ని క్లాసులోకి తేవద్దు.

భీమవరం ల్యాబ్ టెక్నీషియన్:
మాస్టారూ, మాట పుట్టుక బాగుంది. కొలత సంగతో? మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రోమీటర్లు. కేశనాళిక లోపలి వెడల్పు 5 నుంచి 10. అంటే వెంట్రుక కంటే దాదాపు పది రెట్లు సన్నం! ఎర్ర రక్తకణమే 7, 8 మైక్రోమీటర్లు ఉంటుంది కాబట్టి, చాలా చోట్ల కణాలు ఒకదాని వెనక ఒకటి వంగి, నలిగి మరీ దాటాలి. ‘వెంట్రుకలా సన్నం’ అంటే పిల్లాడు ఇంకో తప్పు నేర్చుకుంటాడు.

మా ల్యాబ్‌లో క్యాపిలరీ అంటే గాజుగొట్టం. రక్తం గడ్డకట్టే టైమ్ చూడటానికి వేలు గుచ్చి, చుక్కకి గొట్టం ఆనిస్తే రక్తం దానంతటదే లోపలికి పాకుతుంది, పీల్చక్కర్లేదు. ముప్పై సెకన్లకోసారి గొట్టాన్ని కొంచెం విరిచి చూస్తాం. విరిగిన రెండు ముక్కల మధ్య సన్నని దారం సాగిందంటే గడ్డకట్టడం మొదలైనట్టు. ఆ గొట్టం లోపల సుమారు మిల్లీమీటరు వెడల్పు ఉంటుంది, వెంట్రుక కంటే చాలా లావు. ఒకే పేరుతో ఒకటి వెంట్రుక కంటే లావు, ఇంకోటి సన్నం. ఇక పేరుకి విలువేముంది? సూక్ష్మ రక్తనాళం అంటే ఏ గొడవా లేదు.

రాజోలు రిటైర్డ్ మాస్టారు:
పేరు కొలబద్ద కాదండీ. 1628లో విలియం హార్వే గుండె నుంచి వెళ్ళిన రక్తం మళ్ళీ గుండెకే వస్తుందని చూపించాడు. ధమనిలోంచి సిరలోకి ఏ దారిన వెళ్తుందో మాత్రం ఆయన చూడలేకపోయాడు. 1657లో చనిపోయాడు. 1661లో ఇటలీలో మార్చెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని మైక్రోస్కోప్ కింద పెట్టి ఆ సన్నని దారుల్ని చూశాడు. నాలుగేళ్ళు! ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు హార్వే మీద జాలి వేస్తుంది. మైక్రోమీటర్ల లెక్క లేని రోజుల్లో, కంటికి కనిపించే అతి సన్నని వాటిల్లో వెంట్రుక ఒకటి కాబట్టి ఆ పేరు నిలబడింది. ఆ కథతో కలిపి చెప్పండి, ఏ పిల్లాడూ జుట్టుకు రక్తం అని రాయడు.

కాట్రేనికోన రైతు:
చదువుకున్న వాళ్ళ మధ్యలో నేనూ ఒక మాట చెబుతానండి. మాది శివారు ఆయకట్టు, సముద్రం దగ్గర. వరి కోశాక చేను ఎండితే మట్టి మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. కింద ఉన్న ఉప్పునీరు మట్టిలోని సన్నని సందుల్లోంచి పైకి ఎగబాకి, నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుందని వ్యవసాయాధికారి చెప్పారు. పైపైన దున్ని వదిలితే ఆ సందులు తెగిపోయి ఎగబాకడం తగ్గుతుందన్నారు. మా అబ్బాయి ఇంటర్ పుస్తకంలో దీన్నే కేశనాళికీయత అన్నారు. మీరు నాళం పేరు మార్చేస్తే దీన్నేమంటారండీ? సూక్ష్మ రక్తనాళీయత అంటే మా చేలో రక్తం ఎక్కడిది?

భీమవరం ల్యాబ్ టెక్నీషియన్:
ఈ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదండీ. గొట్టం ఎంత సన్నమైతే నీరు అంత పైకి ఎక్కుతుంది. లోపల మిల్లీమీటరు వెడల్పుంటే 3 సెంటీమీటర్లు, అందులో పదో వంతైతే 30 సెంటీమీటర్లు, అంటే సుమారు అడుగు. ఆ పదో వంతు వెడల్పు, లావుపాటి వెంట్రుక మందానికి దగ్గరే. భౌతికశాస్త్రంలో కేశం ఉండాల్సిందే. శరీరం విషయంలో మాత్రం నా మాట మారదు.

కాకినాడ స్టాఫ్ నర్సు:
డెంగీ సీజన్‌లో వార్డులో మేం చేసే మొదటి పని గోరు నొక్కడం. గోరు తెల్లబడుతుంది, వదిలేస్తే మామూలుగా రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. ఆ రంగు వచ్చేది కేశనాళికల్లోకి రక్తం తిరిగి చేరడం వల్లే. ఆలస్యమైతే డాక్టరుగారిని పిలుస్తాం. టీచర్ గారూ, నిర్వచనం చెప్పే ముందు పిల్లల చేత వాళ్ళ గోళ్ళే నొక్కించండి. గోటి కింద జుట్టు ఉండదని వాళ్ళకే తెలుస్తుంది.

అమలాపురం సైన్స్ టీచర్:
సిస్టర్, ఇది రేపే చేయిస్తాను. మాస్టారు చెప్పిన హార్వే, మాల్పీగీల కథా చెబుతాను. కానీ పేరు మీద నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. జుట్టు కుదుళ్ళ దగ్గరా కేశనాళికలు ఉన్నాయి, అక్కడ వెంట్రుకకు పోషణ అందేది వాటి నుంచే. అంటే పిల్లల జవాబు సగం నిజం, అందుకే సరిదిద్దడం ఇంకా కష్టం. పుస్తకంలో పేరు ఉండనివ్వండి, పక్కనే ‘వెంట్రుక కంటే సుమారు పది రెట్లు సన్నని నాళం, శరీరంలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది’ అన్న ఒక్క వాక్యం తప్పనిసరిగా ఉండాలి.

రాజోలు రిటైర్డ్ మాస్టారు:
ఆ వాక్యానికి నేనూ సరే. ‘దాదాపు’ మాత్రం తీసేయకండి. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో రక్తనాళాలు ఉండవు.