30 మీటర్లని రాసున్న పెళ్ళి వాచీతో సముద్రంలో దిగొచ్చా?

ఏడురోడ్ల అల్లుడు:
పెళ్ళిలో మావయ్యగారు కార్టియే కంపెనీ ట్యాంక్ మోడల్ వాచీ పెట్టారు. తోలు పట్టీ, పల్చటి వాచీ. కాగితాల్లో 3 బార్, అంటే 30 మీటర్లు అని ఉంది. ఆదివారం బావమరుదులతో కళింగపట్నం వెళ్తున్నాం. "30 మీటర్లంటే తాటిచెట్టంత లోతు. మనం దిగేది నడుం లోతే కదా బావా, ఏటవుద్ది?" అంటాడు చిన్నోడు. మా ఆవిడేమో బీరువాలో పెట్టి తాళం వేస్తానంటోంది. ఎవరి మాట వినమంటారు?

గంటస్తంభం వాచీ డాక్టర్:
మీ ఆవిడ మాట వినండి బాబూ. ముప్ఫై ఏళ్ళుగా విజయనగరంలో వాచీలు విప్పుతున్నాను. ఆ 30 అన్నది మీరు దిగే లోతు కాదు, కొత్త వాచీని కదలకుండా ఉంచి పెట్టిన పరీక్ష ఒత్తిడి. వాడుకలో 30 అంటే చేతులు కడుక్కోవడం, వానలో తడవడం, అంతే. ఈతకి కనీసం 50 ఉండాలి. నిశ్చింతగా ఈదాలంటే 100. మొన్న సంక్రాంతి తర్వాత ఒకాయన ఇలాంటి వాచీయే పట్టుకొచ్చారు. మూత తీస్తే కీ ఇచ్చే బుడిపె లోపలి కడ్డీ తుప్పుపట్టి విరిగిపోయి ఉంది. నాలుగు రోజులు బియ్యం డబ్బాలో పెట్టారట! బియ్యం తేమ లాగితే లాగుతుందేమో గానీ ఉప్పుని లాగుతుందా?

బొబ్బిలి ఫిజిక్స్ మాస్టారు:
డాక్టర్ గారి అనుభవం మీద గౌరవం ఉంది గానీ, "30 అంటే చేతులు కడుక్కోవడమే" అన్నది లెక్కకి నిలవదు. పది మీటర్ల నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి. నడుం లోతంటే బార్‌లో పదో వంతు. చెయ్యి విసిరితే ఒత్తిడి అమాంతం పెరిగిపోతుందని అందరూ భయపెడతారు. సెకనుకి 5 మీటర్ల వేగంతో విసిరారనుకోండి, మనలాంటి వాళ్ళం నీళ్ళలో అంత విసరలేం కూడా, అప్పుడు పెరిగేది బార్‌లో ఎనిమిదో వంతు. మొత్తం కలిపినా పావు బార్ దాటదు. 3 బార్‌కి తట్టుకున్న వాచీ పావు బార్‌కి చచ్చిపోతుందా?

గంటస్తంభం వాచీ డాక్టర్:
కొత్తదైతే చావదు మాస్టారూ, ఒప్పుకుంటాను. కానీ నీటిని ఆపేది ఆ అంకె కాదు, లోపలున్న వెంట్రుకంత రబ్బరు రింగు. చెమటకీ సబ్బుకీ ఎండకీ ఏళ్ళ తరబడి అది గట్టిపడి బీటలిస్తుంది. అల్లుడుగారూ, మీ పెళ్ళై ఎన్నేళ్ళైంది?

ఏడురోడ్ల అల్లుడు:
ఆరేళ్ళండి. మధ్యలో బ్యాటరీ ఒకసారి మార్పించాను, ఊళ్ళోనే ఒక చిన్న కొట్లో.

గంటస్తంభం వాచీ డాక్టర్:
అదిగో! మూత తీసినప్పుడు రింగు మార్చారా, మూశాక ఒత్తిడి పెట్టి చూశారా? చాలా చోట్ల చూడరు. ఇక కాగితంలో రాసిన 30ని మర్చిపోండి. ఇంకోటి, కారులో ఎండకి కాగిన వాచీని ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో ముంచితే అద్దం లోపల ఆవిరి పడుతుంది. తోలు పట్టీ ఉప్పునీళ్ళలో నానితే ఎండాక చెక్కలా బిగుసుకుపోయి, వాసనొస్తుంది. పట్టీని పట్టుకునే స్ప్రింగు పుల్ల జారిందంటే వాచీ ఇసకలో కలిసిపోతుంది. అప్పుడు లోపలికి నీళ్ళు పోయాయా లేదా అన్న చర్చే ఉండదు.

బారువ సముద్రం:
ఖరీదైన వాచీలన్నీ ఒక్కటి కావు. రోలెక్స్ డేట్‌జస్ట్ సూటు మీద పెట్టుకునేదే, కానీ 100 మీటర్లది, బుడిపెని మరమేకులా తిప్పి బిగించేస్తారు. 1927లో మెర్సిడీస్ గ్లైట్జ్ ఇంగ్లిష్ ఛానెల్లో ఈదినప్పుడు రోలెక్స్ ఆయిస్టర్ పదిగంటలకు పైగా ఆవిడతో పాటు నీళ్ళలో ఉండి కూడా ఆగలేదు. అదీ చేతికి కాదు, మెడలో. ట్యాంక్ బుడిపె అలాంటిది కాదు. అయినా మా ఊళ్ళో వలేసేవాళ్ళ చేతికి వాచీ ఎప్పుడైనా చూశారా? అన్నట్టు కళింగపట్నంలో వంశధార కలిసే వైపు మాత్రం దిగకండి, అక్కడ లాగేస్తుంది.

ఏడురోడ్ల అల్లుడు:
వెళ్ళొచ్చామండీ, నది వైపు దిగలేదు. వాచీ బీరువాలోనే ఉంది. చిన్నోడి చవక ప్లాస్టిక్ వాచీ, కాసియో ఎఫ్-91డబ్ల్యూ, తీసుకుని కట్టుకున్నాను. రెండు గంటలు అలల్లో ఉన్నా చక్కగా నడుస్తోంది.

బొబ్బిలి ఫిజిక్స్ మాస్టారు:
ఒక్క మాట. ఆ కాసియో మీద 'వాటర్ రెసిస్ట్' అని తప్ప మీటర్ల అంకె కూడా ఉండదు. లెక్క ప్రకారం మీ ట్యాంకే దానికంటే నయం. దానికి లేని భయం దీనికెందుకో!

ఏడురోడ్ల అల్లుడు:
దాన్ని మావయ్యగారు పెట్టలేదు కదా మాస్టారూ.