కారవాన్ టాయిలెట్ ట్యాంకు కొరాపుట్ వైపు ఎక్కడ ఖాళీ చేయాలి?

అందరికీ నమస్కారం. మాది రాయగడ. అమ్మానాన్నలతో, లోపలే పడక, వంట, టాయిలెట్ ఉండే అద్దె కారవాన్‌లో ఒడిశాలో కొరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండకు వెళ్లి రాత్రికి అక్కడే ఉండాలనుకుంటున్నాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, బండిలో టాయిలెట్ లేకపోతే కుదరదు. 1,672 మీటర్ల ఎత్తున డ్రైనేజీ కనెక్షన్ ఎక్కడుంటుంది? గిన్నెలు కడిగిన నీళ్లకు వేరే ట్యాంకు ఉంది, దాని గురించి అంత టెన్షన్ లేదు. టాయిలెట్ ట్యాంకును మాత్రం వాగు పక్కనో పొదల్లోనో వదిలే ప్రసక్తే లేదు. కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ కొండ నీళ్లే. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండివాళ్లు దీన్ని కూడా లాగుతారా? లేక లాడ్జివాళ్లను అడిగి వాళ్ల టాయిలెట్‌లో పోయొచ్చా? వాసనకు ఫార్మాల్డిహైడ్ కలిసిన మందు వేస్తే వాళ్ల సెప్టిక్ ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మరి దాని బదులు ఏం వాడుతున్నారు? కొరాపుట్, జయపురం, సునాబెడ వైపు ఈ పని చేయించుకున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి.