మిర్చి అడ్తిలో చేసిన పనిని ఎంబీఏ సీటుకు అనుభవంగా చూస్తారా?

అందరికీ నమస్కారం. మాది వరంగల్. బీకాం అయ్యాక నాలుగేళ్లుగా ఎనుమాముల మార్కెట్లో నాన్నతో కలిసి మిర్చి అడ్తి (రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారం) చూసుకుంటున్నాను. రైతుల లెక్కలు, కోల్డ్ స్టోరేజీలో సరుకు, వ్యాపారుల బాకీలు అన్నీ నేనే.

ఈసారి ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తున్నా. ఒక్కో సెక్షన్‌కు 40 నిమిషాలే, ఇంగ్లిష్ పాసేజీలంటే టెన్షన్. అసలు బాధ మాత్రం ఇంటర్‌లో 68 శాతమే రావడం. చాలా ఐఐఎంలు టెన్త్, ఇంటర్ మార్కులూ చూస్తాయి, వాటిని ఇప్పుడు మార్చలేను కదా.

మరి ఈ నాలుగేళ్ల పనికి విలువ ఉంటుందా? నాకు జీతం స్లిప్పు లేదు, లైసెన్సు నాన్న పేరు మీదే ఉంది. ఏ కాగితాలు చూపించాలి? జీమ్యాట్ అనే మరో ప్రవేశ పరీక్ష రాసి, హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్‌కి ప్రయత్నించడం మేలా? ఇంటి వ్యాపారం నుంచి వెళ్లి సీటు తెచ్చుకున్నవాళ్లు ఉంటే, ఇంటర్వ్యూలో ఏం అడిగారో దయచేసి చెప్పండి.