బ్యారన్ కట్టె: వేసవిలో పచ్చిది కొని ఆరబెట్టడమా, సీజన్‌లో ఎండుది కొనడమా?

కొండపి రైతు

జనవరిలో వర్జీనియా పొగాకు క్యూరింగ్, అంటే బ్యారన్ అనే గదిలో పొయ్యి వేడితో ఆకుని ఎండబెట్టడం, మొదలవుతుంది, అప్పటికి కట్టె ధర ఎక్కి కూర్చుంటుంది. అందరూ ఒకేసారి ఎగబడితే ఎక్కక ఏమవుతుంది? సుబాబుల్, జామాయిల్ తోటలు కొట్టేటప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో పచ్చి కట్టె కొని ఆరబెట్టుకోవాలన్నది నా వాదన.

కిలో క్యూర్ చేసిన ఆకుకి మామూలు బ్యారన్‌లో నాలుగున్నర కిలోల కట్టె పోతుంది. 30 క్వింటాళ్ల ఆకుకి 13.5 టన్నులు. లెక్క కోసం పచ్చిది టన్ను 3,000, సీజన్‌లో ఎండుది 5,500 అనుకుందాం. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. టన్నుకి 2,500 తేడా కళ్ల ముందే కనబడుతోంది. ఎందుకు వదులుకోవాలి?

లెక్కల మనిషి

అన్నా, ఆ తేడాలో చాలా భాగం నీళ్లు. అప్పుడే నరికిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే ఉంటాయి, సరుగుడులో కాస్త తక్కువ. 1,000 కిలోల పచ్చి కట్టె బాగా ఆరి 20 శాతం తేమకు దిగితే 625 కిలోలే మిగులుతుంది. అంటే మీరు 3,000 పెట్టి కొన్నది ఆరాక టన్ను 4,800 పడింది. చీల్చడానికి, పేర్చడానికి టన్నుకి 400 కూలి వేయండి. ఏప్రిల్‌లో పెట్టిన డబ్బు డిసెంబరు దాకా ఇరుక్కుంటుంది. నూటికి రూపాయిన్నర వడ్డీ లెక్కన 8 నెలలకు 12 శాతం, అంటే ఇంకో 576. మొత్తం 5,776. సీజన్ ధర 5,500 కదా, మరి లాభమెక్కడ? చేతిలో సొంత డబ్బుండి, ఇంటి మనుషులే పేర్చుకుంటే తప్ప ఈ పద్ధతి కలిసిరాదు.

జంగారెడ్డిగూడెం వైపు

వడ్డీ లెక్క సరైనదే గానీ ఒకటి వదిలేశారు. సీజన్‌లో అమ్మే ‘ఎండు కట్టె’ నిజంగా ఎండిందని ఎవరు చెప్పారు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు తాగిన కట్టె అది. పైన బెరడు ఆరి ఉంటుంది, చీల్చి చూస్తే లోపల చల్లగా తడి తగులుతుంది. అందులో 35 శాతం దాకా తేమ ఉండొచ్చు.

కిలో కట్టెలో చేతికొచ్చే వేడి చూడండి. 20 శాతం తేమ ఉంటే సుమారు 3,400 కిలో కేలరీలు, 35 శాతం ఉంటే 2,650, పచ్చిదైతే 1,900. 35 శాతం తేమ ఉన్న కట్టెకి 5,500 పెడితే, 20 శాతం కట్టె లెక్కన మీరు 7,050 పెట్టినట్టు. లెక్కల మనిషి గారి 5,776 దీనికంటే చాలా తక్కువ. కాబట్టి కొనాల్సిన నెల గురించి వాదించేముందు కట్టెలో తేమ ఎంతో చూడాలి.

లెక్కల మనిషి

ఒప్పుకుంటాను. నా లెక్క ఎండు కట్టెలో 20 శాతమే తేమ ఉందన్న ఊహ మీద వేసింది. కాకపోతే ఇంకో మాట కూడా చెప్పాలి. టన్ను పచ్చి కట్టె అలాగే కాలిస్తే 19 లక్షల కిలో కేలరీలు. అదే కట్టె ఆరాక 625 కిలోలు కాలిస్తే 21 లక్షల పైచిలుకు. ఆరబెట్టడం వల్ల పెరిగిన వేడి 12 శాతమే. ‘ఆరబెడితే కట్టె సగం కలిసొస్తుంది’ అనేది వట్టి మాట.

బ్యారన్ మేస్త్రి

కాగితం మీద 12 శాతమే బాబూ, పొయ్యిలో అలా ఉండదు. మొదట ఆకు పసుపెక్కేటప్పుడు 90, 100 ఫారన్‌హీట్ చాలు, పచ్చి కట్టెతోనైనా నెట్టుకురావచ్చు. చివర ఈనె ఎండడానికి 160 దాకా ఎక్కించి నిలబెట్టాలి. పచ్చి కట్టె చివర్ల నురగ కక్కుతూ సుయ్‌మంటుంటే పొయ్యి ఆ వేడి పట్టదు. రోజు ఆలస్యమైతే రోజు కట్టె అదనం. పైగా ఆ పొగలోని జిగట మసి, పొయ్యి వేడిని బ్యారన్ లోపల తిప్పే గొట్టాల్లో పేరుకుని గాలి లాగడం తగ్గిపోతుంది. గొట్టం అతుకులో సందుంటే పొగ లోపలికి చేరి ఆకు వాసన పడుతుంది. వేలంలో ఆకు గ్రేడు దిగితే కట్టెలో మిగిల్చింది అక్కడే పోతుంది.

తడి కట్టె తప్పనిసరైతే మొదటి రెండు రోజుల్లో వాడేసి, ఎండుది చివరికి దాచుకోండి.

కొండపి రైతు

మేస్త్రి బాబాయ్ మాటతో నా వాదనకి బలం వచ్చింది. ఇక ఎలా ఆరబెట్టాలో కూడా రాస్తున్నా, చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు.

కట్టెని రెండున్నర, మూడు అడుగుల ముక్కలుగా కోయాలి. నీళ్లు ఎక్కువగా పోయేది కోసిన చివర్ల నుంచే. నాలుగు అంగుళాల కంటే లావున్నది కొన్న వారంలోనే చీల్చాలి. పచ్చిగా ఉన్నప్పుడు గొడ్డలికి తేలిగ్గా విచ్చుకుంటుంది, ఆరాక సరుగుడు అయితే గొడ్డలి ఎగిరిపడుతుంది. బెరడు తీయకుండా గుండ్రంగా వదిలేస్తే లోపలి తేమ నెలల తరబడి అక్కడే ఉంటుంది.

అడుగున రెండు వరసల రాళ్లు పెట్టి వాటి మీద మొద్దులు పరిచి, నేలకి అర అడుగు ఎత్తులో పేర్చాలి. నేల మీదే వేస్తే చెద పడుతుంది. ఒకటే వరస వెడల్పుతో గోడలా కట్టాలి, రెండు వరసల మధ్య మనిషి నడిచేంత సందు ఉండాలి. గోడ పొడవు ముఖానికి పడమటి గాలి తగలాలి. మన ఎండకి 8 నుంచి 10 వారాలు చాలు. పైన మాత్రమే కప్పాలి. చుట్టూ టార్పాలిన్ బిగించి కడితే లోపల చెమట పట్టి బూజు వస్తుంది. సుబాబుల్‌కి పురుగు తొలిచి పిండి రాలుతుంది, అందుకే దాన్ని రెండో ఏటికి ఉంచకండి.

తుపాను హెచ్చరిక వస్తే ఆ రెండు మూడు రోజులు తూర్పు వైపు కూడా కప్పి, వాన వెలిసిన రోజే తీసేయండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. క్యూరింగ్‌కి నెల ముందు అలాంటి వాన పడితే, కప్పని కట్టె మళ్లీ ఆరడానికి టైము ఉండదు.

కొత్త బ్యారన్

తేమ చూసే మీటర్ కొన్నాను. 25 చూపిస్తోంది. 20కి రాలేదని ఆగాలా?

జంగారెడ్డిగూడెం వైపు

ఆగక్కర్లేదు తమ్ముడూ. ఆ మీటర్ నీటిని ఎండిన చెక్క బరువుతో పోల్చి చెబుతుంది, పైన మనం వేసిన లెక్కలు మొత్తం బరువు మీద. మీటర్ 25 అంటే మన లెక్కలో 20. కానీ సూదులు గుచ్చింది ఎక్కడ? చివర్లో గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ముక్కని అప్పటికప్పుడు చీల్చి, ఆ కొత్త ముఖం మధ్యలో గుచ్చాలి. 30 దాటాక ఆ అంకెని నమ్మొద్దు.

మీటర్ లేనివాళ్లు లారీ మధ్యలోంచి మూడు ముక్కలు లాగి, నడిమి భాగం నుంచి అర కిలో పేళ్లు తీసి తూచండి. ఈనె ఎండే దశలో బ్యారన్ లోపల పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 500 గ్రాములు 390 అయితే 110 పోయింది, 22 శాతం తేమ. ఆ వేడికి పూర్తిగా ఆరదు కాబట్టి ఒకటి రెండు శాతం కలుపుకోండి.

అడితి వ్యాపారం

కొనేవాళ్ల మాటే నడుస్తోంది, అమ్మేవైపు నుంచి కూడా రాస్తాను. చవక సరుకు ఉంది, అడిగేవాళ్లే తక్కువ. పేపరు మిల్లుకి వెళ్లే తోటల్లో మిల్లు తీసుకోని సన్న కొమ్మలు మిగులుతాయి. తోట కొట్టే మేస్త్రితో ముందే మాట్లాడుకుంటే లోడు లెక్కన తక్కువకి వస్తాయి. సన్నవి కాబట్టి నెల రోజుల్లో ఆరతాయి.

జేసీబీతో పెకలించిన దుబ్బులు ఇంకా చవక, కానీ మట్టి బరువు తూకంలో పడుతుంది, చీల్చే కూలి రెట్టింపు, మట్టిలో రాయి తగిలితే గొడ్డలి అంచు పోతుంది. నేనైతే అమ్ముతాను గానీ కొనమని చెప్పను. సర్కారు తుమ్మ వేడికి చాలా మంచిది. చెరువుల్లో కంప వేలం వేసినప్పుడు పాడుకోవచ్చు. వంకర కట్టె కాబట్టి లారీలో తక్కువ పడుతుంది, కిరాయి టన్ను లెక్కన మాట్లాడుకోండి. బొగ్గు కాల్చేవాళ్లు కూడా అదే కొంటారు, అందుకని ఆలస్యం చేస్తే దొరకదు.

కాటా విషయం: లోడుతో ఒక చీటీ, దించాక ఖాళీ బండికి అదే కాటా మీద ఇంకో చీటీ తీసుకోండి. బండి మీద రాసున్న ఖాళీ బరువుని లెక్కలోకి తీసుకోకండి.

పల్నాడు పత్తి రైతు

పత్తి కట్టె గురించి ఎవరూ ఎత్తలేదు. ఎకరాకి సుమారు టన్ను వస్తుంది, చాలాచోట్ల పొలంలోనే తగలబెడుతున్నారు.

బ్యారన్ మేస్త్రి

పత్తి కట్టె భగ్గున మండి చప్పున ఆరుతుంది. పసుపెక్కే దశలో వాడితే వేడి ఎక్కుతూ దిగుతూ ఆకు పాడవుతుంది. ఆకు ఎండే దశలో లావు కట్టెకి తోడుగా వేయండి, మనిషి పొయ్యి దగ్గరే ఉండాలి. నిలవ మాత్రం పెట్టొద్దు, గులాబీ రంగు పురుగు అందులోనే దాక్కుని వచ్చే పంటకి ఎక్కుతుంది.

ఇంకో మాట. మీరంతా కట్టె ధర మీదే కొట్టుకుంటున్నారు. కిలో ఎండాకు రావాలంటే పచ్చి ఆకులోంచి ఓ 6 కిలోల నీళ్లు పోవాలి. ఆ పనికి కిలో ఎండు కట్టె వేడి చాలు. మనం కాలుస్తున్నది నాలుగున్నర. మిగతాదంతా చిమ్నీలోంచి, గోడల్లోంచి, పైకప్పులోంచి పోతోంది. గొట్టాల అతుకులకి బంకమట్టి, బూడిద కలిపి మెత్తండి. పొయ్యి అడుగున ఇనుప జాలీ పెట్టి గాలి కిందనుంచి అందేలా చూడండి. చిమ్నీకి మూత పెట్టి, మంట కుదిరాక సగం మూయండి. పైకప్పు కింద వేడి ఆపే పొర వేయండి, గడ్డి వేస్తే నిప్పు ప్రమాదం, గ్లాస్ వూల్ మేలు.

నాలుగున్నర మూడున్నరకి దిగితే 30 క్వింటాళ్లకి 3 టన్నులు మిగులు. 4,800 లెక్కన 14,400.

లెక్కల మనిషి

ఈ లెక్కకి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సరైన ఎండు కట్టె దొరికే ఊళ్లో, ముందే కొన్నా తర్వాత కొన్నా టన్నుకి 276 తేడా, 13.5 టన్నులకి 3,726. బ్యారన్ బాగుచేస్తే వచ్చేది దానికి దాదాపు నాలుగు రెట్లు. కాకపోతే గ్లాస్ వూల్ ఖర్చు మొదటి ఏడే తీరుతుందా?

బ్యారన్ మేస్త్రి

అది ఒక్క ఏడాదిలో తీరదు. అతుకులు, జాలీ, మూత ఈ ఏడే చేయండి. పైకప్పు పని వచ్చే ఏడు చూసుకోవచ్చు.

కొండపి రైతు

కొత్తగా కొనేవాళ్లకి ఒక జాగ్రత్త: గట్టు మీది వేప, చింత కొట్టిస్తే సొంత పట్టా అయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అడవి కట్టె అని తెలిస్తే ఎంత చవకైనా బండి ఎక్కించొద్దు, పట్టుబడితే కట్టెతోపాటు బండి కూడా పోతుంది. తోట కట్టె అయితే ఏ సర్వే నంబరుదో రాయించుకుని చీటీ దగ్గర పెట్టుకోండి.