మిర్చి కోత ముఠాతో కిలో లెక్కా, రోజు కూలీనా?

పల్నాడు వైపు మిర్చి కోతలకు కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల నుంచి కూలీలు కుటుంబాలతో సహా వస్తారు కదండీ. 3 ఎకరాలకు 12 మంది ముఠాతో మాట్లాడుకోవాలి, సలహా కావాలి.

కిలో లెక్కయితే పని పరుగెడుతుంది. కానీ తూకం కోసం దోరకాయ కూడా తెంపేస్తారు, కల్లంలో ఎండాక అది రంగు లేని తాలుకాయ అవుతుంది. పొద్దున్నే మంచు తడితో కోసింది కాటా మీద ఎక్కువ తూగుతుంది, బస్తాలో కుక్కితే మచ్చ పడుతుంది. 100 కిలోల పండుకాయ ఎండితే మిగిలేది 30 కిలోలకు అటూఇటూ. రోజు కూలీ అయితే కాయ శుభ్రంగా వస్తుంది గానీ కోత సాగుతుంది. మంచు ఆరాక కాటా మొదలుపెట్టి, దోరకాయ పక్కన తీసి తూచే పద్ధతి ఎవరైనా నడుపుతున్నారా? రేటు ఎంత తేడాతో కుదిరింది?

అడ్వాన్సు మొత్తం ముఠాను తెచ్చే మేస్త్రీ చేతికిస్తే కూలీకి ఎంత చేరిందో తెలియదు, చివర్లో తగాదా అక్కడే. కుటుంబానికో చిట్టా పుస్తకం పెట్టి రోజూ తూకం రాసి ఇస్తే మేస్త్రీలు ఒప్పుకుంటున్నారా? వాన పడి ఆగిన రోజులకు తిండి ఖర్చు ఎవరిది?

ఇంకోటి. రేషన్ కార్డు ఏ ఊరిదైనా ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చు. కానీ కాయ తెంపి తెంపి వేళ్లు అరిగి, మిషన్ వేలిముద్ర పట్టదు. అప్పుడు డీలర్‌తో ఏం చేయిస్తున్నారు? కూలీల పిల్లల్ని చదువుల ఏడాది మధ్యలో ఇక్కడి ఊరి బళ్లో చేర్చిన అనుభవం ఉన్నవాళ్లు, ఏ కాగితాలు అడిగారో కూడా రాయండి.